ఆకాశ పటంలో హైదరాబాద్ వంతు

ఎనిమిదో తరగతిలో నక్షత్రాల పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "సార్, భూమికి పటం గీశారు సరే, ఆకాశానికి ఎవరు గీశారు?" అని అడిగాడు. గీసినవారిలో మన హైదరాబాద్ కూడా ఉందంటే పిల్లలు ఒక పట్టాన నమ్మలేదు.

1887లో వివిధ దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు పారిస్‌లో సమావేశమై, ఆకాశమంతటినీ ఫోటోలు తీసి లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలవాలని తీర్మానించారు. ఏ ఒక్క చోటి నుంచీ ఆకాశమంతా కనబడదు. అందుకని దాన్ని పట్టీలుగా విభజించి సుమారు 20 అబ్జర్వేటరీలకు పంచారు.

ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో నిజామియా అబ్జర్వేటరీ నెలకొల్పారు. 1907లో ఆయన మరణించారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దాని బాధ్యత తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. మొదట చిలీలోని శాంటియాగోకు కేటాయించిన పట్టీ, అంటే ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న భాగం, హైదరాబాద్‌కు దక్కింది. ఆ పని పూర్తి చేశాక ఉత్తరాన మరో పట్టీలో కొంత భాగం కూడా అప్పగించారు.

ఈ పని ఎంత ఓపికతో కూడినదో చూడండి. రాత్రి గాజు పలకల మీద ఫోటోలు తీయాలి. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో డిగ్రీలో 60వ వంతుకు సమానం. ఆ లెక్కన పున్నమి చంద్రుడు సుమారు 3 సెంటీమీటర్లు మాత్రమే. తర్వాత సూక్ష్మదర్శినితో ఒక్కొక్క చుక్కనూ కొలిచి రాసుకోవాలి. టి.పి.భాస్కరన్ వంటి డైరెక్టర్ల హయాంలో ఇలా ఏళ్ల తరబడి సాగి, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల వివరాలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. నవాబు గారు వాటిలో ఒక్క పేజీ కూడా చూడలేదు.

దాని వల్ల ఏం ఒరిగింది అని అడగవచ్చు. చాలాకాలం ఆ సంపుటాలను పట్టించుకున్నవారు తక్కువే. నక్షత్రాలు మనకు కదలనట్టు కనిపించినా కదులుతూనే ఉంటాయి. అయితే ఆ కదలిక ఎంత స్వల్పమంటే, కొలవాలంటే దశాబ్దాల ఎడంతో రెండు కొలతలు కావాలి. 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం కొత్త కొలతలు ఇచ్చింది. పాత కొలతలు ఈ గాజు పలకల నుంచి వచ్చాయి. రెండూ కలిపి 2000లో సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలతో టైకో-2 జాబితా వెలువడింది. నూరేళ్ల కిందట ఒక నక్షత్రం ఎక్కడుందో ఇప్పుడు ఎంత డబ్బు పోసినా వెనక్కి వెళ్లి కొలవలేం కదా!

తర్వాత పని మరింత విస్తరించింది. బొటనవేలిని ముఖం ముందు పెట్టి ఒక్కో కన్ను మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. భూమి సూర్యుడికి ఈ పక్కా ఆ పక్కా ఉన్నప్పుడు దగ్గరి నక్షత్రాలూ అలాగే జరిగినట్టు కనిపిస్తాయి. దాన్నిబట్టి దూరం లెక్కకడతారు. 2013లో ప్రయోగించిన గయా వ్యోమనౌక ఈ విధంగా సుమారు 180 కోట్ల నక్షత్రాలను పరిశీలించింది. ఇతర గెలాక్సీలకు ఈ పద్ధతి చాలదు. విశ్వం విస్తరిస్తున్నందున దూరపు గెలాక్సీల కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి దూరం అంచనా వేస్తారు. అమెరికాలో అరిజోనాలోని డెసీ పరికరం 5,000 ఆప్టికల్ ఫైబర్లతో ఒకేసారి వేలాది గెలాక్సీల కాంతిని పట్టి విశ్వానికి త్రిమితీయ పటం తయారు చేస్తోంది.

మే నెలలో రాత్రి 11 గంటలకు పిల్లలను డాబా మీదికి తీసుకెళ్లి దక్షిణం వైపు చూపించండి. వృశ్చిక రాశి తల దగ్గర మెరిసే నక్షత్రాల్లో కొన్ని హైదరాబాద్ కొలిచిన పట్టీలోనివే. వాటిని మనవాళ్లు కొలిచి రాసిపెట్టారని చెప్పండి.