ప్రదక్షిణలకు రాని చక్కర్ పక్కమీద ఎందుకొస్తుంది?

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసమో ఉద్యోగం కోసమో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా కార్డు మీద గీతలు పెట్టుకుంటూ వడివడిగా నడుస్తారు. అన్ని చుట్లు తిరిగినా తల తిరగని మనిషికే తెల్లవారుజామున మంచం మీద ఒత్తిగిల్లితే ఇంటి కప్పు గిర్రున తిరుగుతుంది. ఎందుకు?

మన ఒంటి సమతూకం చూసే ఏర్పాటు లోపలి చెవిలో, కణత దగ్గరి గట్టి ఎముకలో ఉంది. అక్కడ మూడు అర్ధవృత్తాకార కుల్యలు మూడు దిక్కులకు అమరి ఉంటాయి. వాటినిండా ద్రవం. తల తిప్పగానే కుల్య కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకు జిగురులాంటి చిన్న పొర వంగి, కేశకణాల ద్వారా మెదడుకు కబురు పోతుంది. అయితే ఈ కుల్యలకు తెలిసేది వేగంలో మార్పే. ఒకే వేగంతో సాగే తిరుగుడు కాసేపటికి వాటికి పట్టదు.

గుడి మూల దగ్గర మలుపు ఒక్క క్షణమే. మలుపు ముగియగానే పొర మళ్లీ తన చోటికి వస్తుంది. అందుకే 108 చుట్లూ చెవికి విడివిడి మలుపులే. ఒప్పులకుప్ప ఆడే పిల్లల సంగతి వేరు. వాళ్లు ఆగినా, కుండలో తిప్పి వదిలిన నీళ్లలా ద్రవం ఇంకా తిరుగుతూ ఉంటుంది. ఎండలో, ఖాళీ కడుపుతో ప్రదక్షిణ చేస్తూ కళ్లు బైర్లు కమ్మితే మాత్రం నింద చెవి మీద వేయకండి, అది నీరసం.

మరి పక్కమీద? కుల్యల పక్కనే రెండు చిన్న సంచులుంటాయి. వాటిలో కాల్షియం కార్బనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉండి, మనం ఎటు ఒరిగామో చెబుతాయి. వయసు పైబడినా, తలకు దెబ్బ తగిలినా కొన్ని ఊడి కుల్యలోకి, ఎక్కువగా వెనకదానిలోకి జారతాయి. తల కదిలితే అవి దొర్లి ద్రవాన్ని లాగుతాయి. తల ఆగిందని కళ్లంటాయి, తిరుగుతూనే ఉన్నామని చెవి అంటుంది. వచ్చిన ప్రతిసారీ తిరుగుడు సాధారణంగా నిమిషంలోపే తగ్గిపోయే ఈ జబ్బు బీపీపీవీ. చేవెళ్ల టమాటా చేలల్లో వంగి లేచేవారికైనా, అటక మీది డబ్బా అందుకునేవారికైనా ఇది ఇలాగే వస్తుంది. మనవాళ్లు పైత్యమని, మెడనరమని ఏళ్లకేళ్లు మాత్రలు మింగుతారు.

నిజానికి దీనికి మందుకన్నా ఎప్లీ పద్ధతి మేలు. తలను జబ్బున్న చెవి వైపు 45 డిగ్రీలు తిప్పి వెనక్కి పడుకోబెట్టి, తలను రెండోపక్కకు తిప్పి, తర్వాత ఒంటిని కూడా అటే పొర్లించి, చివరికి లేపి కూర్చోబెడతారు. స్ఫటికాలు మళ్లీ సంచిలోకి జారతాయి. చాలామందికి ఒకటి రెండు సార్లతోనే నయమవుతుంది. ఏ చెవిదో తేల్చుకోవాలి కాబట్టి మొదటిసారి ఈఎన్‌టీ డాక్టరు చేతే చేయించుకోవాలి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

ఈ కుల్యల గుట్టు విప్పినవారిలో వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ ఒకరు. చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కళ్లు ఒకవైపు, వేడినీళ్లు పోస్తే రెండోవైపు కొట్టుకోవడం గమనించాడు. 1914 నోబెల్ ఆయనకు దక్కేనాటికి రష్యాలో యుద్ధఖైదీ!

అయితే ప్రతి తిరుగుడూ బీపీపీవీ కాదు. తిరుగుడు గంటలకొద్దీ ఉండి, చెవిలో హోరు, వినికిడి తగ్గడం తోడైతే మెనియర్ జబ్బు కావచ్చు. రోజులతరబడి వదలకపోతే చెవి నరం వాపు అనుమానిస్తారు. కాబట్టి డాక్టరు దగ్గరికెళ్లేముందు ఎంతసేపు తిరిగింది, ఏ పక్కకు ఒత్తిగిల్లితే వచ్చింది రాసుకెళ్లండి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యీకాలూ పట్టు తప్పినా, నిలబడలేకపోయినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు ఎప్లీ కాదు, వెంటనే అంబులెన్సు పిలవాలి.