పరిచయముల కొఱకు చందా: పల్లె పనివానికి లాభమా?

గత మాసమున రుద్రంగిలో వరినారుమళ్లను చూచి మఱలి వచ్చుచుండగా, పంపుసెట్టు మోటార్లకు వైండింగు కట్టు మన సభ్యుడొకడు నన్ను తన దుకాణమున కూర్చుండబెట్టి, ఫోనులో వచ్చిన ఒక ఆహ్వానమును చూపెను. కరీంనగరులోని అతని స్నేహితుడు పంపినది. వారమునకొకమాఱు ప్రొద్దుననే కొందఱు వ్యాపారులు ఒకచోట కూడుదురనియు, ఒకరికొకరు గిరాకీలను చూపుకొందురనియు, అందులకు సంవత్సరచందా కట్టవలెననియు అందుండెను. "సారూ, ఇందులో చేరుమందురా, వద్దందురా? చందా పైకము సంఘములో అప్పుగా అడుగవలెనని యున్నాను" అని అతడడిగెను. వరి తెగులును గుఱించి యైనచో అక్కడనే చెప్పియుందును. ఇది నాకు క్రొత్త పంట. విచారించి చెప్పెదనని వచ్చితిని. అప్పు మాట వచ్చినది గావున ఇది అతనియొక్కని సంగతి గాదని తోచి, విచారించినదానిని ఇచట వ్రాయుచున్నాను.

ఇట్టి సంఘములలో ప్రపంచమున మిక్కిలి పెద్దది బీఎన్ఐ అనునది. దీనిని 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఐవన్ మైస్నర్ అనునాయన స్థాపించెను. నేడు 70కి పైగా దేశములలో శాఖలున్నవి. హైదరాబాదులోనే అనేకములు కలవు. ఒక్కొక్క శాఖలో ఒక వృత్తికి ఒక్కరినే చేర్చుకొందురు. ఒక రంగులవాడు చేరెనా, రెండవ రంగులవానికి అచట చోటు లేదు. సభ్యులు వారము తప్పక కూడవలెను. ఆఱు మాసములలో మూడు సభలకు మించి రాకపోయినచో వారి స్థానమునకే మోసము వచ్చును. సభలో ఒక్కొక్కరు లేచి, తమకెట్టి గిరాకీ కావలెనో నిమిషములో చెప్పుదురు. తరువాత, ఫలానావారికి నీ పని కావలసియున్నదని ఒకరికొకరు చీటీలిచ్చుకొందురు. ఇచ్చినవాడే పొందునని వారి సూత్రము. ఇందు మోసమేమియు లేదు. పద్ధతి స్పష్టముగనే యున్నది.

ఈ యాలోచన 1985లో పుట్టినదియు గాదు. 1905లో షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది బొగ్గు వర్తకుడొకడు, గని ఇంజనీరొకడు, దర్జీ యొకడు, ఈ మువ్వురితో కలిసి రోటరీ క్లబ్బును ఆరంభించినప్పుడు అచటను వృత్తికొక్కడే సభ్యుడు. ఒకరి వ్యాపారము నొకరు పెంచుకొనుటయు వారి ఉద్దేశములలో నుండెను. పిమ్మట ఆ ఉద్దేశము వెనుకబడి సేవ ముందునకు వచ్చినది. 1907లో ఆ క్లబ్బువారు చేపట్టిన మొదటి సేవాకార్యము నగరవాసులకు మరుగుదొడ్లు కట్టించుట.

మన పల్లెలకైనను ఈ పద్ధతి పూర్తిగా క్రొత్తదా? మన తాతల కాలమున ఊరికొక వడ్రంగి, ఒక కమ్మరి, ఒక కుమ్మరి, ఇట్లు ఆయగాండ్రు వంశక్రమముగా నుండెడివారు. ఒకని ఊరిలో వేఱొకడు నాగలి చెక్కుటకు వీలులేదు. కల్లముమీద ధాన్యము కొలుచునప్పుడు వారి పాలు వారికి ముట్టెడిది. ఆ పద్ధతిలో దోషములు లేకపోలేదు. వెట్టి యనుపేర వారిచేత చేయించుకొన్న చాకిరిని వృద్ధులు ఇప్పటికిని చెప్పుదురు. కాని ఒక్కటి గమనింపుడు. ఆ దినములలో గింజ రైతు కల్లమునుండి పనివాని ఇంటికి పోవుచుండెను. నేటి పరిచయసంఘమున రైతింకను కానరాకమునుపే పనివాని జేబునుండి సొమ్ము బయలుదేరును. పని వచ్చునను నమ్మకమును అతడు ముందుగా కొనుచున్నాడు. కొనవచ్చును, ధర యెంతయో చూడవలెను.

లెక్క చూతము. ఈ అంకెలు దారి చూపుటకు మాత్రమే. ఎవరి లెక్క వారు వేసికొనవలెను. చందా, ఫలాహారపు ఖర్చు, రాకపోకలు కలిపి సంవత్సరమునకు 50,000 రూపాయలనుకొందము. సభలు 50. ఒక్కొక్క సభకు పోవుటవలన దుకాణమున పోవు రాబడి 600 అనుకొన్నచో 30,000. మొత్తము 80,000. ఒక మోటారుకు వైండింగు కట్టగా రాగితీగ, వార్నిషు, కూలి పోను 1,000 రూపాయలు మిగిలినచో, ఈ సొమ్ము తీఱుటకు ఆ సంఘమువలననే వచ్చిన మోటార్లు ఏడాదికి 80 ఉండవలెను. పట్టణమున ఇండ్లు కట్టు మేస్త్రీకి ఒక్క ఇల్లు దొరికిన చాలును. ఇతనికి ఎనుబది మోటార్లు కావలెను. అవి ఎవరివి? సభలో కూర్చున్నవారు భీమా ఏజెంటు, ఫర్నిచరు వర్తకుడు, ఇంటిస్థలములమ్మువాడు, లెక్కలు వ్రాయు ఆడిటరు. వారి చుట్టములకు పొలములుండవచ్చును. కాని గంగాధర దగ్గఱి రైతు తన కాలిన మోటారును రుద్రంగి దాక మోసికొని వచ్చునా? పైగా సభ ప్రొద్దుననే. యాసంగి పైరు ఈనుచున్న దినములలో మోటారు కాలిన రైతు తెల్లవారకముందే దుకాణపు తలుపు తట్టును. అప్పుడు తలుపు మూసియున్నచో ప్రక్క దుకాణమునకు పోవును. తరువాతి మోటారుకును అక్కడికే పోవును. ఈ నష్టమును నేను పై లెక్కలో చేర్చనేలేదు.

సహకారసభ్యులు తప్పక ఎఱుగవలసిన భేదమింకొకటి. మన సంఘమున కట్టిన వాటాధనము మన పేరనే యుండును; దానితోపాటు ఓటును వచ్చును. 1970నుండి ఈ ప్రాంతమునకు విద్యుత్తు నిచ్చుచున్న సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘమునందును, 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారు స్థాపించిన ముల్కనూరు సంఘమునందును సభ్యుడు వాటాదారు. పరిచయసంఘపు చందా అట్టిది గాదు. అది రుసుము, సంవత్సరము గడచిన తీఱిపోవును. ఆ సంస్థ ఒక వ్యాపారసంస్థ. శాఖల నిర్వహణ హక్కును ప్రాంతమునకొకరికి ఒప్పగించి నడపుచున్నది. అది తప్పు గాదు. కాని "సంఘము" అను మాట విని మన సంఘమువంటిదేయని భ్రమపడరాదు.

ఇక నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసిన విషయము వేఱు. సభలో కూర్చుండిన పిదప ఊరక పుచ్చుకొనుటకు వీలులేదు. తానును ఇతరుల పేర్లు చెప్పవలెను. నా అనుభవమొకటి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట యాసంగిలో ఒక రైతు మోటారు కాలి, ఎవరిచేత బాగుచేయింపవలెనని నన్నడిగెను. అంతకు వారము ముందే ఒక మిత్రుడు, తన బంధువు క్రొత్తగా దుకాణము పెట్టినాడు, నలుగురికి చెప్పుమని నన్ను కోరియుండెను. ఆ బంధువు చేతిపనిని నేనెన్నడును చూచినది లేదు. అయినను మిత్రుని మాట తీసివేయలేక ఆ పేరే చెప్పితిని. మోటారు బాగుపడి వచ్చి నాలుగవనాడు మఱల కాలెను. రెండవమాఱు దింపి, విప్పి, కట్టి, ఎక్కించుటకు వారము పట్టెను. పైరు అప్పుడు పొట్టమీద నున్నది. వరికి నీరు తప్పరాని కాలమేదన్న అదియే. కోతనాడు చూడగా రెండెకరములలో సగము తాలు. ఆ రైతు నన్నొక్క మాటయు అనలేదు. ఇప్పటికిని నేను పోయినప్పుడు మంచము వాల్చును, నీళ్లిచ్చును. కాని ఏ విత్తనము వేయుదునని నన్నడుగుట మానివేసెను.

పేరు చెప్పుట యనగా జామీను నిలుచుటయే. సంఘమున అప్పునకు జామీను సంతకము పెట్టుటకు మనమెంత ఆలోచింతుము! వారమునకొక చీటీ ఇయ్యవలెనను మొగమాటము పడినవాడు ఎఱుగనివారి పనికిని జామీను నిలువవలసి వచ్చును. ఆ సంఘములలోను వివేకులున్నారు. తాము చేయించుకొని చూచిన పనినే ఇతరులకు చెప్పుదురు. అందఱును అట్లుందురని అనుకొనుట కష్టము. గిరాకీని చూపి వాటా పుచ్చుకొనుట యెంత దూరము పోవునో, పల్లెనుండి పట్టణపు ఆసుపత్రికి పంపబడిన రోగుల బిల్లులను చూచినవారెఱుగుదురు. అందుకే 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి వైద్యులు అట్టి వాటాలిచ్చుటను, పుచ్చుకొనుటను నిషేధించినది. బీఎన్ఐ వంటి సంఘమునకు కట్టునది చందాయే గాని గిరాకీకింతయని వాటా గాదు. ఈ భేదమును చెప్పుట న్యాయము.

అట్లైన ఎవరును చేరరాదా? అట్లనను. కొనువారు దూరమున నుండి, ఒక్క బేరమున పెద్ద మొత్తము వచ్చు పనివారికి ఇది పనికి రావచ్చును. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపును కొమ్ములుగా నిజామాబాదు మార్కెటుకు పంపుటకు మాఱుగా, పొడికొట్టి పొట్లములు కట్టి పట్టణపు హోటళ్లకు అమ్మజూచు కుటుంబమున్నది. దానికి పట్టణమున నలువదిమంది వర్తకుల పరిచయము విలువైనదే. ఇండ్లపైన సౌరఫలకములు బిగించువానికిని అంతే. సిరిసిల్ల సంగతి చూడుడు. 2017నుండి ప్రభుత్వపు బతుకమ్మ చీరల పనిమీద అచటి మరమగ్గములు చాలవఱకు ఆధారపడినవి. 2024 ఆరంభమున ఆర్డర్లు లేక నిలిచిపోయినవి. ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొన్న మగ్గమువాడు క్రొత్త ముఖములను వెదకికొనుటకు కొంత సొమ్ము వెచ్చించినచో తప్పుపట్టజాలము. అతడును అప్పుచేసి గాక, మిగులులోనుండి పెట్టుట మేలు.

ఇట్టి సంఘములవారు, మా సభ్యులకు ఇన్ని కోట్ల వ్యాపారము వచ్చినదని లెక్కలు చూపుదురు. ఆ లెక్క తప్పని నేననను. కాని నా వృత్తినిబట్టి నాకొక అలవాటు కలదు. క్రొత్త ఎరువును చూపునప్పుడు పొలమంతటను చల్లము. ప్రక్కన ఒక సాలు ఎరువు లేక విడిచిపెట్టుదుము. కోతనాడు రెంటిని తూచినగాని ఎరువువలన పండినదెంత, వానవలన పండినదెంత తెలియదు. పరిచయసంఘముల లెక్కలో ఈ విడిచిన సాలు లేదు. ఆ గిరాకీలో చందా లేకున్నను వచ్చెడిదెంత?

కావున మన సభ్యునితో ఇట్లంటిని: "చందా కట్టక మునుపు మూడు నెలలు నీ దుకాణమున ఒక నోటుబుక్కు పెట్టుము. వచ్చిన ప్రతివానిని, ఎవరు చెప్పగా వచ్చితివని అడుగుము. ఊరు, పని, చెప్పినవారి పేరు, మిగిలిన రూపాయలు, ఈ నాలుగే వ్రాయుము. నడుమ ఒకమాఱు ఆ సభకు అతిథిగా పోయి రమ్ము; చేరక మునుపు చూచుటకు వారు రానిత్తురు. సభలో బోరుమోటార్లున్న రైతులతో నిత్యము మెలగువారెందఱో లెక్కించుకొనుము." అప్పు దరఖాస్తును అంతవఱకు ఆపుకొమ్మంటిని. మన సంఘపు గోదాముగోడమీద ఒక పలకను కట్టి, సభ్యులు స్వయముగా చేయించుకొని మెచ్చిన పనివారి పేర్లను, మెచ్చినవారి పేర్లతో కూడ వ్రాసిన బాగుండునని కార్యదర్శిగారికి చెప్పియున్నాను. దానికి సుద్ద తప్ప ఖర్చు లేదు. మెచ్చినవాని పేరు వ్రాయక ఒట్టి పనివాని పేరే వ్రాసినచో ఆ పలక నాలుగునాళ్లలో ప్రకటనల గోడ యగునని నా భయము.

మొన్న మఱల రుద్రంగికి పోయితిని. మూడు నెలలింకను కాలేదు. నోటుబుక్కు మాత్రము నూనెచేతుల మరకలతో సగము నిండినది. ఇద్దఱు ముగ్గురు బంధువుల పేర్లు, ఒక బోరుబండివాని పేరు అక్కడక్కడ కానవచ్చినవి. అన్నిటికంటె ఎక్కువ మాఱులు వచ్చినది కోరుట్ల బాటమీద పైపులమ్ము ఒక దుకాణదారుని పేరు. మన సభ్యుడు ఆ పుటలను త్రిప్పి త్రిప్పి చూచుకొనుచుండెను. ఆ దుకాణదారునికి తాను ఇన్నేండ్లలో ఒక్క కప్పు చాయైనను త్రాపలేదట.