మీకు తెలుసా? కొల్లేటి గూడబాతు, విమానం అద్దం

కొల్లేటి గూడబాతు బరువు, విమానం ముందు అద్దాన్ని పరీక్షించే పక్షి బరువుకు రెండింతల పైమాటే!

• నిబంధనల ప్రకారం 1.8 కిలోల పక్షి వేగంగా తగిలినా పెద్ద విమానం ముందు అద్దానికి చిల్లు పడకూడదు. చచ్చిన కోడిని గాలి తుపాకీతో అద్దం మీదికి పేల్చి చూస్తారు.

• ఏలూరు జిల్లాలో కొల్లేరు సరస్సు దగ్గరి ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతు, అదే పెలికాన్, 4 నుంచి 6 కిలోలు తూగుతుంది.

• పక్షి తగిలి ఇంజన్ ఫ్యాన్ బ్లేడు విరిగితే చుట్టూ ఉన్న తొడుగే దాన్ని ఆపుతుంది. సీఎఫ్‌ఎం సంస్థ 2021లో ప్రకటించిన ‘రైజ్’ ఇంజన్ నమూనాలో ఆ తొడుగే ఉండదు. 20 శాతానికి పైగా ఇంధనం ఆదా చేయాలన్నది లక్ష్యం. పక్షి తగిలినా బ్లేడు విరగకపోవడమే దానికి అసలు పరీక్ష.