ఆసుపత్రి నుండి వచ్చాకే అసలు పథ్యం

వమన విరేచనాల అనంతరం రోగికి వెంటనే పూర్తి భోజనం పెట్టరు. పేయ, విలేపి వంటి జావలతో మొదలుపెట్టి క్రమంగా మామూలు ఆహారానికి తెస్తారు. ఆయుర్వేదం దీనిని సంసర్జన క్రమమన్నది. శోధన ఎంత ముఖ్యమో తరువాతి పథ్యమూ అంతే ముఖ్యమని దీని భావం. నల్లమందు, హెరాయిన్, కొన్ని రకాల నొప్పి మాత్రల వ్యసనానికి చికిత్స పొంది ఇల్లు చేరినవారి విషయంలో ఈ సూత్రాన్ని మనం విస్మరిస్తున్నాము.

"ఆసుపత్రిలో ఉంచి మాన్పించాము, ఇక భయం లేదు కదా?" అని కుటుంబాలవారు నన్ను అడుగుతుంటారు. నిజానికి ప్రమాదం అప్పుడే అధికం. మత్తుకు అలవాటుపడిన శరీరం దానిని తట్టుకొనే శక్తిని సంపాదిస్తుంది. కొన్నాళ్లు మానగానే ఆ శక్తి తగ్గుతుంది. కోరిక మాత్రం మిగిలే ఉంటుంది. అప్పుడు పాత మోతాదే తీసుకున్నా శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు.

అందుకే వైద్యులు బ్యూప్రెనార్ఫిన్ వంటి మందును నెలలు, కొందరికి సంవత్సరాలు కొనసాగిస్తారు. ఇది ఒక మత్తుకు బదులు మరొక మత్తు కాదు. మధుమేహికి నిత్యం మందు వంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీనిని ఆవశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

చిక్కంతా అందుబాటులోనే ఉన్నది. దేశంలో సుమారు 77 లక్షల మందికి ఈ వ్యసనం విషయంలో సహాయం అవసరమని 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే తెలిపింది. కాని ఈ మందును అనుమతి పొందిన కేంద్రాలలోనే ఇస్తారు. దూరపు కేంద్రానికి పదే పదే వెళ్లవలసి వస్తే కూలి పోతుంది, నలుగురూ చూస్తారన్న సిగ్గు బాధిస్తుంది. క్రమంగా మందు ఆగిపోతుంది. పంజాబ్ ప్రభుత్వం 2017 అక్టోబరులో, ఆసుపత్రిలో చేరకుండానే ఈ మందు పొందే కేంద్రాలను ప్రారంభించింది. 2020 లాక్‌డౌన్‌లో ఒకేసారి ఎక్కువ రోజుల మందు ఇంటికి ఇచ్చింది. ఇటువంటి సౌకర్యం ప్రతి జిల్లాకూ అవసరం.

ఇంటివారు గమనింపవలసినవి:

• మందు ఎక్కడ, ఎన్ని రోజులకొకసారి ఇస్తారో డిశ్చార్జికి ముందే అడిగి వ్రాసుకోవాలి.

• మద్యం, నిద్రమాత్రలు తోడు కారాదు. అహిఫేనం, అనగా నల్లమందు, కలిసిన కామినీ విద్రావణ రసం వంటి మాత్రలు దరి చేరనీయరాదు.

• ఈ మందుతో మలబద్ధకం కలగవచ్చు. ఆకుకూరలు, పండ్లు, గోరువెచ్చని నీరు మేలు చేస్తాయి. కాని ఇవి మందుకు ప్రత్యామ్నాయం కావు.

• పిలిచినా పలకకుండా, శ్వాస మందగించి, పెదవులు నీలిరంగుకు తిరిగితే తక్షణం 108కు ఫోను చేయాలి.

• సలహాకు టెలి మానస్ 14416 కలదు.

మరల వాడినట్లు తెలిస్తే ఇంటి నుండి వెళ్లగొట్టకండి. వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.