మగ్గాల ఊళ్లో బక్రీద్

ఇస్లామీయ సంవత్సరంలో చివరి నెల జుల్ హిజ్జా. ఆ నెల పదో రోజున వచ్చేది బక్రీద్. అరబ్బీలో దీని పేరు ఈదుల్ అజ్‌హా, అంటే బలి పండుగ. రంజాన్ పండుగ నెలరోజుల ఉపవాసం ముగిసినందుకు చేసుకునేది. బక్రీద్ ఒక తండ్రికి ఎదురైన పరీక్షను, ఆ పరీక్షలో ప్రాణం దక్కిన కొడుకును తలచుకునే పండుగ. తుర్కియేలో దీన్ని కుర్బాన్ బైరామ్ అంటారు, పశ్చిమ ఆఫ్రికాలో తబస్కీ. మన దేశంలో బక్రీద్ అన్న పేరే స్థిరపడింది. ఉర్దూలో బక్రా అంటే మేక కాబట్టి ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకుంటారు. అరబ్బీలో ఆవు జాతికున్న ‘బఖర’ అన్న మాటే దీనికి మూలమనే వాదన కూడా ఉంది.

ఈ పండుగనాటి బలిని కుర్బానీ అంటారు. ఆ మాట అర్థం ఇంకా లోతైనది. దాని ధాతువుకు దగ్గర కావడం అని అర్థం. హైదరాబాద్ ఉర్దూ విన్నవాళ్లకు తెలిసిన ‘ఖరీబ్’, అంటే దగ్గర, ఈ ధాతువు నుంచే పుట్టింది. యూదుల హీబ్రూ భాషలో బలిని ‘కోర్బాన్’ అంటారు. అదీ ఈ కుటుంబంలోని మాటే. ఈ మాటను బట్టి చూస్తే దేవుడికి చేరువయ్యే పనే కుర్బానీ. జంతువు అందుకు సాధనం.

మూలకథ ఖుర్ఆన్ 37వ అధ్యాయంలో ఉంది. ఇబ్రాహీం ప్రవక్తకు చాలా కాలం సంతానం లేదు. ముసలితనంలో కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడు తండ్రితో పాటు పనికి తిరిగే వయసుకు వచ్చాక, అతణ్ని బలి ఇస్తున్నట్టు ఇబ్రాహీంకు కల వచ్చింది. ఆ కలను ఆయన కొడుకు దగ్గర దాచలేదు. విషయం చెప్పి, నీ అభిప్రాయం ఏమిటని అడిగాడు. దేవుడి ఆజ్ఞ నెరవేర్చమని కొడుకే అన్నాడు. తండ్రి అతణ్ని నేల మీద పడుకోబెట్టిన క్షణంలో, కల నిజం చేశావు, చాలు అన్న పిలుపు వచ్చింది. కొడుకు బదులుగా ఒక గొప్ప బలి లభించింది. అది పొట్టేలని సంప్రదాయం చెబుతుంది.

బైబిల్ ఆదికాండం 22వ అధ్యాయంలోనూ ఈ కథ ఉంది. అక్కడ కొడుకు ఇస్సాకు. ఖుర్ఆన్ ఈ సందర్భంలో కొడుకు పేరు చెప్పదు. అందువల్ల తొలి శతాబ్దాల వ్యాఖ్యాతల్లో భేదాభిప్రాయాలుండేవి. 923లో మరణించిన ప్రసిద్ధ వ్యాఖ్యాత తబరీ ఇస్సాకు వైపే మొగ్గాడు. తర్వాతి కాలంలో ఆ కొడుకు ఇబ్రాహీం భార్య హాజిరా కుమారుడు ఇస్మాయిల్ అన్న అభిప్రాయమే ముస్లింలలో బలంగా నిలిచింది. రెండు కథల మధ్య పేరును మించిన తేడా ఒకటుంది. బైబిల్‌లో ఇస్సాకు గొర్రెపిల్ల ఏదని తండ్రిని అడుగుతాడు, అసలు సంగతి అతనికి తెలియదు. ఖుర్ఆన్‌లో కొడుకుకు అన్నీ తెలుసు, తెలిసే ఒప్పుకున్నాడు. ఇక్కడ త్యాగం ఇద్దరిదీ.

తెలుగు పాఠకుడికి ఈ కథ వినగానే సిరియాళుడు గుర్తొస్తాడు. శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండ నంబి కథ అది. అతిథి వేషంలో వచ్చిన శివుడు కొడుకు మాంసం వడ్డించమంటాడు. భక్తుడూ భార్యా గుండె రాయి చేసుకుని ఆ పని చేస్తారు. చివరికి శివుడి అనుగ్రహంతో సిరియాళుడు తిరిగి వస్తాడు. రెండు కథల్లోనూ దేవుడికి కావలసింది పిల్లవాడి ప్రాణం కాదు. అయితే చిరుతొండ నంబి కథలో పోయిన ప్రాణం తిరిగొస్తే, ఇబ్రాహీం కథలో ప్రాణం పోకముందే కత్తి ఆగింది. బక్రీద్‌కు ఆయువుపట్టు ఈ ఆగడమే. ఖుర్ఆన్ 22వ అధ్యాయం ఇంకా స్పష్టంగా చెబుతుంది: బలి మాంసం గానీ నెత్తురు గానీ దేవుడికి చేరవు, మనుషుల భక్తే చేరుతుంది.

ఇబ్రాహీం కుటుంబ కథ అంతా మక్కా చుట్టూ అల్లుకుని ఉంది. పసివాడైన ఇస్మాయిల్‌కు దాహం వేస్తే తల్లి హాజిరా సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నీటి కోసం పరుగెత్తింది. జమ్‌జమ్ ఊట అప్పుడే పుట్టిందని విశ్వాసం. హజ్ యాత్రికులు ఈనాటికీ ఆ గుట్టల మధ్య నడుస్తారు. జుల్ హిజ్జా 9న అరఫాత్ మైదానంలో ప్రార్థనలో గడిపి, 10న మినాలో సైతానుకు గుర్తుగా నిలిచిన గోడపై రాళ్లు వేస్తారు, బలి ఇస్తారు, తల గీయించుకుంటారు. ఆ బలినే ప్రపంచంలోని ముస్లింలు తమ తమ ఊళ్లలో పాటిస్తారు. నెలవంక కనిపించే రోజును బట్టి మన దేశంలో పండుగ తరచూ సౌదీ కంటే ఒక రోజు ఆలస్యంగా వస్తుంది.

హజ్‌లో మగవాళ్లు ధరించేది కుట్టు లేని రెండు బట్టలు. ధనికుడైనా కూలీ అయినా అదే. బట్ట నేసి బతికే ఊరివాళ్లకు ఈ నియమం ఇట్టే అర్థమవుతుంది. ముంబైకి ఈశాన్యంగా ఠాణే జిల్లాలో ఉన్న భీవండి అలాంటి ఊరే. 2011 జనాభా లెక్కల నాటికే ఇక్కడ 7 లక్షల మందికి పైగా ఉన్నారు. అందులో సగానికి పైగా ముస్లింలు. కొంకణీ ముస్లింలు పాత కాపురస్తులు. 1857 తిరుగుబాటు తర్వాతి కాలంలో ఉత్తరాది నుంచి మోమిన్, అన్సారీ నేతగాళ్లు వచ్చి స్థిరపడ్డారు. చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాక ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి కార్మికుల వలస పెరిగింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలూ మరమగ్గాల పని వెతుక్కుంటూ ఇక్కడికే చేరారు. పద్మనగర్ వాళ్ల పేట. పదహారేళ్లకే ఆయువు తీరవలసిన మార్కండేయుణ్ని మూలపురుషుడిగా కొలిచే కులానికి, మృత్యువు అంచు నుంచి మళ్లిన బిడ్డ కథ పరాయిది కాదు.

పండుగ పనులు నెలవంకతోనే మొదలవుతాయి. కుర్బానీ ఇవ్వదలచినవాళ్లు ఆనాటి నుంచి బలి పూర్తయ్యేదాకా గోళ్లు, వెంట్రుకలు తీయకుండా ఉండటం ఆచారం. మహారాష్ట్రలో మేకల అతిపెద్ద సంత ముంబైలోని దేవనార్‌లో జరుగుతుంది. రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ నుంచి కూడా అక్కడికి లారీల్లో వస్తాయి. ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) ప్రాంతపు నల్లమేకకు ఈ రాష్ట్రంలో మంచి పేరుంది. చాలా ఇళ్లలో మేకను కొన్ని రోజుల ముందే తెచ్చి కట్టేస్తారు. పిల్లలు దానికి ఆకులు తినిపించి మాలిమి చేసుకుంటారు. తీరా ఆ రోజు వచ్చేసరికి వాళ్లకు ఏడుపొస్తుంది. ఇష్టమైనదాన్ని వదులుకోవడం అంటే ఏమిటో ఈ పండుగ పుస్తకం లేకుండా నేర్పేది అక్కడే.

భారతదేశంలో ఎక్కువమంది పాటించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కుర్బానీ స్తోమత ఉన్నవాళ్లకే విధి. పండుగ రోజుల్లో అవసరాలు పోను 612 గ్రాముల వెండి విలువకు సమానమైన సొత్తు ఉంటే స్తోమత ఉన్నట్టు లెక్క. రోజు కూలీ మీద బతికేవాడు అప్పు చేసి మేక కొనవలసిన అవసరం లేదు. మేకకు ఏడాది, గేదెకు రెండేళ్లు నిండాలి. గుడ్డి, కుంటి, జబ్బు, బక్కచిక్కిన పశువులు పనికిరావు. మేక ఒక్కరి పేరున, పెద్ద పశువు ఏడుగురి పేరున ఇవ్వవచ్చు. మహారాష్ట్రలో గోవధ 1976 నాటి చట్టం ప్రకారం, ఎద్దుల, కోడెల వధ 2015 నుంచి నిషిద్ధం. గేదెలకు ఆ నిషేధం లేదు కాబట్టి వాటాల కుర్బానీ గేదెతోనే సాగుతుంది.

పండుగ ఉదయం స్నానం చేసి, ఏమీ తినకుండా ఈద్గాకో మసీదుకో వెళతారు. అజాన్ లేకుండా రెండు రకాతుల నమాజు, తర్వాత ఖుత్బా ప్రసంగం. కుర్బానీ ఆ నమాజు తర్వాతే. ముందు కోస్తే అది మామూలు మాంసమే. మాంసాన్ని మూడు భాగాలు చేయడం మంచిదంటారు: ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు. ఇతర మతాల ఇరుగుపొరుగుకు ఇవ్వడానికీ అడ్డు లేదు. ఏడాది పొడవునా మాంసం కొనలేని వలస కార్మికుడికి మూడో వాటా విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. ఈ శాస్త్రంలో మరో న్యాయమైన నియమం ఉంది. కోసిన ఖసాయికి కూలీగా బలి మాంసం, తోలు ఇవ్వకూడదు. కూలీ డబ్బు విడిగా చెల్లించాల్సిందే. తోలు అమ్మితే ఆ సొమ్ము దానంగానే పోవాలి. అది ఎక్కువగా మదరసాలకు చేరేది. కొన్నేళ్లుగా తోలు ధర బాగా పడిపోవడంతో ఆ ఆదాయం తగ్గింది.

కుర్బానీకి హనఫీల లెక్కలో 10, 11, 12 తేదీలు మూడు రోజుల గడువు ఉంది. ఈ వెసులుబాటు 2023లో ఎంతో అక్కరకు వచ్చింది. ఆ ఏడాది జూన్ 29న బక్రీద్, ఆషాఢ ఏకాదశి ఒకేరోజు వచ్చాయి. పండరీపురానికి విఠ్ఠలుడి భక్తులైన వార్కరీలు లక్షలమంది నడిచి చేరే రోజది. మహారాష్ట్రలో పలు ఊళ్ల ముస్లింలు ఆనాడు నమాజుతో సరిపెట్టి, కుర్బానీని మర్నాటికి వాయిదా వేసుకున్నారు. ఎవరి పండుగా తగ్గలేదు.

ఇలాంటి సర్దుబాటు విలువ భీవండికి బాగా తెలుసు. 1970లోనూ 1984లోనూ ఈ ఊరు మతకలహాల్లో కాలిపోయింది. తర్వాత 1988లో పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటనా రెండు మతాల సామాన్యులతో మొహల్లా కమిటీలు వేయించాడు. 1992-93లో పక్కనే ముంబై తగలబడుతున్నా భీవండి ప్రశాంతంగా నిలవడానికి ఆ కమిటీలే ముఖ్య కారణమని పేరొచ్చింది.

పండుగ తర్వాతి మూడు రోజులను అరబ్బీలో తష్రీఖ్ రోజులంటారు. మాంసాన్ని పేలికలుగా కోసి ఎండబెట్టడం అన్న అర్థం నుంచి ఆ పేరు వచ్చింది. తెలంగాణలో తునకలు, ఆంధ్రలో ఉప్పుకండ చేసే పద్ధతే అది. జుల్ హిజ్జా 9 తెల్లవారుజాము నమాజు నుంచి విధిగా చేసే ప్రతి (ఫర్జ్) నమాజు తర్వాత దేవుడి ఘనతను చాటే తక్బీరు పలుకుతారు. 13వ తేదీ సాయంత్రం అసర్ నమాజుతో ఆ పలకడం ఆగుతుంది. బక్రీద్ ముగిసినట్టు గుర్తు అదే.