కాన్సస్ పచ్చికబయళ్లలో మూడు మజిలీలు

అమెరికా దేశపు నడిబొడ్డున కాన్సస్ అను రాష్ట్రము కలదు. మేమచటికి పోవుచున్నామనగానే మిత్రులు నవ్విరి. గోధుమచేలును గాలియును దప్ప అచట చూడదగినదేమున్నదనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. విల్సన్ అను గ్రామమువద్ద పెద్ద రహదారిని విడిచి ఉత్తరమునకు మళ్లినది మొదలు చెట్లు అరుదైపోయి, కనుచూపు మేర పచ్చికయే కానవచ్చెను.

అయితే కొంతదూరము పోవుసరికి దారిప్రక్కనున్న కంచెగుంజలు మా దృష్టి నాకర్షించినవి. అవి కొయ్యవి కావు, రాతివి! పందొమ్మిదవ శతాబ్దమున ఇచటికి కాపురమునకు వచ్చిన రైతులకు కలప దొరకలేదు. కాని మట్టిక్రింద సున్నపురాతి పొర యొకటి పరచినట్లుండెను. త్రవ్వినపుడు మెత్తగానుండి గాలి తగిలినకొలది గట్టిపడు రాయి అది. వరుసగా రంధ్రములు తొలిచి, మేకులు దిగగొట్టి, నిలువునా చీల్చి వారు దానితోనే గుంజలు చేసికొనిరి.

లూకస్ గ్రామమున డిన్స్‌మూర్ అను వృద్ధ సైనికుడు 1907లో ఈ రాతినే దుంగలవలె కోసి ఇల్లు కట్టెను. దూరమునుండి చూచిన కొయ్యయిల్లే యనుకొందుము. చుట్టును ఆదాము, అవ్వ, సర్పము, దేవదూతలు మొదలగు బొమ్మలను 113 టన్నుల సిమెంటుతో పోసి, దానికి ఈడెన్ ఉద్యానమని పేరిడెను. మొదటి భార్య గతించిన పిదప, 1924లో, తన ఎనుబదియొకటవ ఏట, ఇరువదేండ్ల పడుచును పెండ్లాడెను. ఆమె మనసులోని మాట ఏ బొమ్మయు చెప్పదు! ఆయన 1932లో మరణించెను. గాజుమూత గల పెట్టెలోని ఆయన దేహమును నేటికిని యాత్రికులకు చూపుచున్నారు. మాలో ఒకరు లోనికి రానని వెలుపలనే కూర్చుండిరి. వారిని మేము బలవంతపెట్టలేదు.

తరువాతి మజిలీ కాకర్ సిటీ. 1953లో ఫ్రాంక్ స్టోబర్ అను రైతు గడ్డిమోపులు కట్టగా మిగిలిన పురికొస ముక్కలను పారవేయక ఉండగా చుట్టనారంభించెను. మన యిండ్లలో పెద్దవారు దారపుముక్కలను దాచుట లేదా? కాని ఆయన 1974లో చనిపోవునాటికి ఆ ఉండ 11 అడుగుల అడ్డుకొలత గలదయ్యెను! నేడది యిరువదివేల పౌనులకు మించినది. ఊరి నడివీథిలో ఒక పందిరిక్రింద నుంచినారు. వచ్చినవారెల్లరు కొంత పురికొసను దానికి చుట్టవచ్చును. మేమును నాలుగు బారలు చుట్టి, పిల్లలవలె సంతోషించితిమి.

అచటినుండి 24వ నంబరు రహదారిపై పడమటికి గంటకు పైగా ప్రయాణము. పెట్రోలును మంచినీళ్లును ముందే చూచుకొనవలెను. దారిలో నికోడెమస్ అను చిన్న ఊరు తగులును. ఇచట వింతలేమియు లేవు. కారు దిగక సాగిపోవువారే యెక్కువ. మేమో, అన్నిటికంటె ఇచటనే యెక్కువసేపు నిలిచితిమి.

దాస్యమునుండి విముక్తులైన నీగ్రోజాతివారు సొంతభూమిని కోరి కెంటకీనుండి వచ్చి 1877లో కట్టుకొనిన ఊరిది. కరపత్రములలో దీనిని చక్కని పట్టణముగా వర్ణించిరి. 1878 వసంతమున విలియానా హిక్మన్ అను ఇల్లాలు భర్తతోను బిడ్డలతోను బయలుదేరెను. రైలు దిగిన ఎల్లిస్‌లో తట్టు సోకి ఆ జట్టులోని పసిపిల్లలు పలువురు చనిపోయిరి. వారిని పూడ్చి, మిగిలినవారు బండ్లపై రెండు దినములు నడచిరి. ఊరు వచ్చినదని మగవారు కేకలు వేసిరి. ఆమెకు ఇండ్లు కానరాలేదు. ఊరేదియని భర్త నడుగగా, నేలలోనుండి లేచుచున్న పొగలను చూపి అదియే నికోడెమస్ అనెను. జనులు నేలను తొలిచిన గుంతలలో కాపురముండిరి. ఆమె వలవల యేడ్చెను. ఈ సంగతిని పిదప ఆమెయే చెప్పినది.

ఆమె మాత్రము తిరిగిపోలేదు. అట్టి గుంతయింటిలోనే జెన్నీ ఫ్లెచర్ అను స్త్రీ ఊరిపిల్లలకు బడి పెట్టెను. 1888లో రైలుమార్గము ఊరిని తప్పించి పోవుటచే వర్తకులు తరలిపోయిరి. కొన్ని కుటుంబములు మాత్రము నిలిచినవి. 1996లో ప్రభుత్వము దీనిని జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించెను. నేడు పాత బడి, దేవాలయములు, పూటకూళ్లయిల్లు, సభామందిరము మొత్తము ఐదు కట్టడములు కలవు. జూలై మాసాంతమున ఊరివారి సంతతి నానాప్రాంతములనుండి వచ్చి ఇచట కలిసికొందురు. మేము వెళ్లినది ఆ దినములలో కాదు. బడిమెట్లపై కూర్చుండి ఫలహారము చేసితిమి. ఆ పొగలు లేచినచోట గడ్డి మోకాలెత్తున పెరిగి, గాలికి అలలవలె కదలుచుండెను.