వర్చువల్ రియాలిటీ పోటీలు - వాని భవిష్యత్తు

ఆటల పోటీ యనగానే మనకు మైదానము, ధూళి, ఈల, చప్పట్లు స్ఫురించును. అయితే కంప్యూటరుమీదను, సెల్‌ఫోనుమీదను ఆడు ఆటలలో జట్లు గట్టి, నియమములు విధించుకొని, బహుమానములకై పోరాడు మఱియొక విధమైన పోటీ మన కాలమున బలపడినది. దీనికి ఈ-స్పోర్ట్సు అని పేరు. 2017 లో "లీగ్ ఆఫ్ లెజెండ్స్" అను నాటయొక్క ప్రపంచ పోటీలో తుదియాట, బీజింగు నగరమున 2008 ఒలింపిక్ క్రీడలకై కట్టిన మహాస్టేడియములో జరిగినది. కావున దీనిని పిల్లల కాలక్షేపమని త్రోసివేయుటకు వీలులేదు. ఇపుడు మన విద్యార్థులలో కొందఱడుగు ప్రశ్న వేఱు. కండ్లకు పరికరమును గట్టుకొని యాడు వర్చువల్ రియాలిటీ ఆటలకు ఈ పోటీలలో భవిష్యత్తు గలదా? వానికై సంవత్సరములు వెచ్చించి సాధన చేయవచ్చునా?

మొదట ఆ పరికర మెట్టిదో తెలిసికొందము. రెండు కండ్లయెదుట రెండు చిన్న తెరలు, వాని ముందు కటకములు ఉండును. ఒక్కొక్క కంటికి కొంచెము భేదముగల చిత్రము చూపబడుటచే మనస్సునకు లోతు తోచును. తల త్రిప్పినపుడు పరికర మా కదలికను గొలిచి చిత్రమును వెంటనే మార్చును. 1968 లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఐవన్ సదర్లండు ఇట్టి యంత్రమును నిర్మించెను. అది మిగుల బరువైనది, పైకప్పునుండి వ్రేలాడదీయవలసివచ్చెను. 2016 లో ఓక్యులస్ రిఫ్ట్, వైవ్ అను పరికరములు జనులకు విక్రయింపబడునప్పటికి అది తలమీద మోయదగినదైనది. నేడు అర్ధకిలో మాత్రమే తూగునవి గలవు.

ఇక్కడ దేహమొక చిక్కు తెచ్చిపెట్టుచున్నది. కనుమదారిని బస్సులో పోవుచు పుస్తకము చదివినచో మనలో ననేకులకు కడుపులో త్రిప్పును గదా! చెవిలోపలి అర్ధచంద్రాకారపు గొట్టములలోని ద్రవము "కదలుచున్నాము" అని చెప్పును. పుటమీదనున్న కన్ను "కదలుటలేదు" అని చెప్పును. ఈ రెండు సాక్ష్యములు సరిపడకపోవుటయే ఆ వికారమునకు మూలము. వర్చువల్ రియాలిటీలో దీనికి తలక్రిందుగా జరుగును. కన్ను పరుగెత్తుచున్నట్లు చూచును, చెవి నిలిచియున్నట్లు చెప్పును. తల కదలుటకును చిత్రము మాఱుటకును నడుమ సెకనులో ఏబదియవవంతుకంటె హెచ్చు ఆలస్యమైనను ఇబ్బంది పెరుగును. అందుచేతనే పైని జెప్పిన రెండు పరికరములును సెకనునకు 90 చిత్రములు చూపునట్లు చేయబడినవి. యంత్రముల వేగము పెరుగవచ్చును గాని చెవి మాఱదు. కుర్చీలో కూర్చుండి వేలితో బొమ్మను పరుగెత్తించు ఆటలను ఈ పరికరములోనికి దింపుట వ్యర్థమని నా యభిప్రాయము. ఆటగాడు తన కాలుసేతులతో నిజముగా చేయు పనియే ఆటయైనచోట, కన్నును చెవియు నొకే సాక్ష్యము చెప్పును.

చూచువారి సంగతియు నున్నది. ఆటగాని కంటికి గనబడు దృశ్యమును తెరమీద నున్నదున్నట్లు చూపినచో, అతడు తల త్రిప్పినపుడెల్ల దృశ్యమంతయు ఊగిసలాడును. చూపరికి తల దిమ్మెక్కును. కావున ఆటలోపలనే వేఱుగా కెమెరాలను నిలుపవలసియున్నది.

ఈ చిక్కులను చాలవఱకు జయించిన యాట యొకటి యుండెను. దానిపేరు "ఎకో అరీనా". రెడీ అట్ డాన్ అను సంస్థవారు 2017 లో దీనిని వెలువరించిరి. భూమ్యాకర్షణములేని గదిలో రెండు జట్లవారు తేలుచు, గోడనో, తోడియాటగానినో పట్టుకొని త్రోసికొని, ఒక బిళ్లను ఎదిరిగుండ్రములోనికి విసరవలెను. దూరమునుండి వేసినచో మూడు పాయింట్లు, దగ్గఱనుండి వేసినచో రెండు. విసరుట నిజమైన చేతితోడనే. గుఱి నిజమైన గుఱియే. కొలది నెలలలోనే దీనికి లీగు పోటీలు ఏర్పడి, 2018 లో పోలండు దేశమందలి కటోవీట్సె నగరమున తుదియాటలు జరిగినవి. ఇట్టి యాటను సాధన చేసినవారు క్రీడాకారులు కారని యెవరనగలరు?

పిమ్మట జరిగినదానిని శ్రద్ధతో గమనింపవలెను. 2020 లో ఫేస్‌బుక్ కంపెనీ ఆ సంస్థను కొనెను. ఆ కంపెనీయే పిదప మెటా యని పేరు మార్చుకొనెను. 2023 జనవరిలో, ఆడువారి సంఖ్య పరిమితమనియు, పనివారి శ్రమను ఇతర కార్యములకు మరల్చుట మేలనియు తలచి, ఆట నాపివేయుదుమని ప్రకటించెను. ఆగష్టు 1వ తేదీన ఆట ఆగిపోయినది. ఆ బిళ్లను విసరుటకు కుడిచేతిని ఆఱేండ్లు తీర్చిదిద్దుకొన్నవాడు మఱునాడు పరికరము పెట్టుకొన్నను ప్రవేశించుటకు గది లేదు.

మన చెడుగుడును ఎవ్వరు మూయగలరు? గీత గీయుటకు కట్టెపుల్ల చాలును. బ్యాటు చేయు కంపెనీ యొకటి మూతపడినను క్రికెట్టు నిలువదా? మఱియొకడు బ్యాటు చేయును. కంప్యూటరు ఆటలో బ్యాటు, బంతి, మైదానము, ఆకాశము, నియమములు అన్నియు నొక్కని సొత్తు. ఈ దోషము ఈ-స్పోర్ట్సు కంతటికిని గలదు గాని, పరికరములు తక్కువ యిండ్లలో నున్న వర్చువల్ రియాలిటీ విషయమున మఱింత బాధించును. ఆటగాండ్రు తక్కువయైనచో లాభము తక్కువ. లాభము తక్కువయైనచో ఆట ఆయువు తక్కువ.

ఈ కారణముచే నాకు ఆశ గలిగించునది వర్చువల్ టేక్వాండో. ఇది కొరియాదేశపు తన్నుల విద్యకు నూతన రూపము. ఆటగాండ్రిరువురు వేఱువేఱు స్థలములలో నిలిచి, తలకు పరికరము, కాలుసేతులకు కదలికల కొలమానములు కట్టుకొని తన్నుదురు. దెబ్బ తగులునది తెరమీది రూపమునకే. ఆ రూపముయొక్క బలము తఱిగిపోయినవాడు ఓడును. దేహములు తాకవు గనుక స్త్రీపురుషులు ఒకరితో నొకరు పోటీపడవచ్చును. 2023 జూనులో సింగపూరునందు జరిగిన ఒలింపిక్ ఈ-స్పోర్ట్సు వారోత్సవమున దీనిని ప్రదర్శించిరి. 2024 నవంబరులో అక్కడనే ప్రథమ ప్రపంచ పోటీలు నడచినవి. ఇక్కడను యంత్రభాగము ఒక సంస్థ చేసినదే. కాని విద్య ఆ సంస్థది గాదు. పోటీని నడపునది టేక్వాండో ప్రపంచసమాఖ్య. యంత్రము మాఱినను తన్ను నేర్చినవాని కాలు వానిదే.

గొప్ప సంస్థల వాగ్దానములను మాత్రము నమ్ముకొని సాధన నారంభింపరాదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2024 జూలైలో సౌదీ అరేబియాతో గూడి ఒలింపిక్ ఈ-స్పోర్ట్సు క్రీడలు 2025 లో జరుపుదుమనిరి; తరువాత 2027 అనిరి; 2025 అక్టోబరులో ఆ యొడంబడికయే రద్దయినది.

తలిదండ్రులకు రెండు మాటలు. 2025 ఆగష్టులో మన పార్లమెంటు చేసిన శాసనము డబ్బు పందెముగాగల ఆన్‌లైను ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్సును వేఱుగా గుర్తించినది. బిడ్డ "పోటీ" యన్నప్పుడు అది యేదో అడిగి తెలిసికొనవలెను. మెటావారి పరికరమునకు మొదట 13 ఏండ్లు కనీసవయస్సుగా నుండగా 2023 లో దానిని పెద్దల యాజమాన్యమున 10 కి తగ్గించిరి. చిన్నతరగతులవారి కది యీయవలదని నా సలహా. నిలిచి యాడుటకు ఆఱున్నర అడుగుల పొడవును, అంతే వెడల్పునుగల ఖాళీస్థలము కావలెను. కండ్లు మూసికొన్నట్లే యుండును గనుక గోడలు, బల్లలు కనబడవు. పైకప్పునుండి పంకా తక్కువ యెత్తున వ్రేలాడు గదిలో ఆడనీయకుడు.